ఆటలో అరటిపండు

మా పాపకు మూడేళ్ళ రెండు నెలల వయసప్పుడు అనంతపురంలో ఒక బడికి ఎల్‌.కె.జి. ప్రవేశం కోసం తీసుకుపోయాం. ఆఫీసు గదిలో ఒక మేడమ్‌ గారు బల్ల మీద రంగురంగుల అట్ట పరిచి, ఆపిల్‌ ఎక్కడుంది, ఎర్ర రంగు ఏది, ఏ నుంచి జెడ్‌ వరకు చెప్పు అని వరుసగా అడిగారు. పాప ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. బల్ల అంచున ఉన్న డస్టరును తీసుకుని, మెత్తటి వైపు పైకి వచ్చేట్టు తిప్పి, నా చున్నీ కొస లాగి దానికి కప్పి, ఒళ్ళో పెట్టుకుని మెల్లగా ఊపడం మొదలుపెట్టింది. మేడమ్‌ గారు మరోసారి అడగబోతే వేలు పెదవుల మీద పెట్టి 'ఉష్‌' అంది. కాగితం మీద 'ఏకాగ్రత తక్కువ' అని రాశారు. ఇంకో ఏడాది నర్సరీలో వేయమని సలహా ఇచ్చి, దానికి కట్టవలసిన ఫీజు వివరాలు చేతిలో పెట్టారు.

ఆ రెండు మాటలు నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. పాప ఏకాగ్రతతోనే ఉంది, కాకపోతే అది మేడమ్‌ గారి అట్ట మీద లేదు. ఒక కొయ్యముక్కను నిద్రపోతున్న బిడ్డగా ఎంచుకుని, అందుకు తగ్గట్టు తన గొంతు తగ్గించుకుని, ఎదుట ఉన్న పెద్దమనిషిని కూడా సద్దు చేయవద్దనడం ఇరవై ఆరు అక్షరాలు వల్లించడం కంటే చాలా పెద్ద పని అని నేను నమ్ముతున్నాను. ఎందుకు నమ్ముతున్నానో ఇక్కడ చెప్పదలచుకున్నాను. నేను మనస్తత్వ శాస్త్రం చదివినదాన్ని కాను, ఒక కార్యాలయంలో లెక్కలు రాసే ఉద్యోగిని. అయితే పిల్లలిద్దరూ ఏ నెలలో ఏ ఆట మొదలుపెట్టారో వాళ్ళ టీకాల కార్డుల వెనక రాసిపెట్టే అలవాటు ఉండడం వల్ల, ఆ రాతలను తరువాత పుస్తకాల్లో చదివిన సంగతుల పక్కన పెట్టి చూసుకునే వీలు కలిగింది.

పెద్దవాడి కార్డు మీద నాలుగో నెల దగ్గర 'గాజులు' అని ఒక్క మాటే ఉంది. కాన్పుకు నేను కల్యాణదుర్గం వైపున్న మా పుట్టింటికి పోయినప్పుడు, దూలానికి కట్టిన చీర ఉయ్యాలకు అడ్డంగా మా అమ్మ తన పాత గాజులను దారానికి గుచ్చి వేలాడదీసింది. ఒకనాడు వాడి కాలు తగిలి అవి గలగలమన్నాయి. వాడు కదలకుండా కాసేపు విని, మళ్ళీ కాళ్ళు ఝాడించాడు. మళ్ళీ మోగాయి. సాయంత్రానికల్లా ఆ శబ్దం తన కాలి నుంచే వస్తోందన్న సంగతి వాడికి పట్టుబడింది, ఇక దాన్ని వదలలేదు. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త పియాజే తన ముగ్గురు పిల్లలను దగ్గరుండి గమనించి రాసుకున్న వాటిలో ఇటువంటివే ఎన్నో ఉన్నాయి. అనుకోకుండా చేసిన పనికి ఏదో ఒక ఫలితం కనిపిస్తే, దానికోసం అదే పనిని బిడ్డ పదేపదే చేయడాన్ని ఆయన నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య వచ్చే ప్రత్యేకమైన దశగా లెక్కించాడు. మన ఇళ్ళలో గిలక, గజ్జె, మువ్వ వంటివన్నీ ఈ వయసు పిల్లల చేతుల్లోకే చేరడం ఊరికే జరిగింది కాదు.

ఐదో నెలలో బంతి మీద గుడ్డ కప్పితే అది లోకంలోనే లేనట్టు ఊరుకున్నవాడు, తొమ్మిదో నెలలో గుడ్డ లాగిపారేసి బంతిని బయటికి తీశాడు. కంటికి కనిపించనిది కూడా ఉంటుందని పిల్లలకు తెలియవచ్చేది ఇంచుమించు ఆ నెలల్లోనే, కొంగు చాటున ముఖం దాచుకుని 'బూ' అంటే పడీపడీ నవ్వేది కూడా ఆ నెలల్లోనే. అమ్మ పోలేదని తెలిసినా, ఎప్పుడు బయటపడుతుందో తెలియని ఆ కొద్ది క్షణాల ఉత్కంఠలో ఉంది ఆట. పదో నెలకు చెంచా పారేయడం మొదలైంది. అన్నం తినిపించేటప్పుడు చెంచా కింద వేయడం, అది పడిన చోటికి తొంగిచూడడం, నేను తీసి ఇవ్వడం, మళ్ళీ వేయడం. విసుక్కుంటే మా అమ్మ అంది: "వాడు చెంచా పారేయడంల్యామ్మే, నీకెంత ఓపికుందో చూస్తాండాడు." పియాజే దృష్టి ఎక్కువగా వస్తువుల మీద ఉంది, మా అమ్మ మనిషిని చూసింది. ఇద్దరి మాటా నిజమేనని నాకనిపిస్తుంది, ఎందుకంటే నేను గదిలో లేనప్పుడు వాడు ఆ ఆట అంతసేపు ఆడేవాడు కాదు.

పాప కార్డు మీద నాకు బాగా ఇష్టమైన రాత పదహారో నెలది. ఎండాకాలంలో మా ఊళ్ళో విత్తనానికి బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, ఒలిచే పని నడుస్తుంటుంది. పెద్దవాళ్ళందరూ పంచలో చాటలు ముందేసుకుని కూర్చుంటే, నడక కొత్తగా వచ్చిన పాప వాళ్ళ మధ్య దారి చేసుకుని తిరిగేది. గింజలు మాత్రం దాని చేతికి అందనిచ్చేవాళ్ళం కాదు, ఆ వయసు పిల్లలు వేరుశనగ గింజను నోట్లో వేసుకుంటే అది దారితప్పి ఊపిరిగొట్టంలో ఇరుక్కునే ప్రమాదం నిజంగానే ఉంది. (బుడ్డలు పండే మా ప్రాంతంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.) కాస్త పెద్దవిగా ఉన్న ఒట్టి తొక్కలు ఏరి, ఒక ఇత్తడి చెంబుతో సహా దాని ముందు పెట్టి, మా అమ్మ ఒక కన్ను దాని మీదే వేసి ఉంచేది. పాప ఒక్కొక్క తొక్కనే తీసి చెంబులో వేసేది. నిండాక లోపలికి చూసి, చెంబు బోర్లించి, పడిన కుప్పను అరచేత్తో తట్టి, మళ్ళీ మొదటి తొక్క తీసుకునేది. నలభై నిమిషాలు గడియారం చూసి రాశాను. అంతసేపు ఎవరూ దానికి ఏమీ నేర్పలేదు, శభాష్‌ అనలేదు, ఫోటో కూడా తీయలేదు. నిండడం, ఖాళీ కావడం, పట్టడం, పట్టకపోవడం, లోపల, బయట అనే సంగతులన్నీ మాటలు రాకముందే చేతిలోకి వచ్చేశాయి.

నాలుగో రోజున అదే చెంబుతో మరో సంగతి జరిగింది. తొక్కలతో నిండిన చెంబును పాప నోటి దగ్గరికి ఎత్తి, 'గుటక్‌' అని శబ్దం చేసి, నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వును నేను ముఖ్యమైనదిగా ఎంచుతాను. పియాజే పెద్ద కూతురు జాక్లిన్‌ ఏడాది మూడు నెలల వయసులో, తన దిండు అంచులాగే కుచ్చులున్న ఒక గుడ్డ కనబడితే, దాన్ని పట్టుకుని బొటనవేలు నోట్లో పెట్టుకుని పడుకుని, నిద్రపోతున్నట్టు నటిస్తూ బాగా నవ్విందని ఆయన రాశాడు. నిజంగా దాహం వేసిన పిల్ల, నిజంగా నిద్ర వచ్చిన పిల్ల అలా నవ్వదు. ఇది నీళ్ళు కాదని తెలిసి, నీళ్ళు అనుకుందామని తనంతట తాను నిర్ణయించుకుని, ఆ రహస్యాన్ని ఎదుటివాళ్ళతో పంచుకోవడం ఆ నవ్వులో ఉంది.

అక్కడి నుంచి ఈ ఊహాట, అంటే లేనిది ఉన్నట్టు అనుకుని ఆడే ఆట, ఎలా పెరుగుతూ పోయిందో కార్డు వెనక వరుసగా కనిపిస్తుంది. మొదట తాను తాగింది. ఇరవయ్యో నెలలో బొమ్మకు తాగించింది. రెండేళ్ళు దాటాక బొమ్మ చేతికే చెంబు ఇచ్చి 'తాగుతాంది' అని చెప్పింది, అంటే బొమ్మ తనంతట తాను పని చేసే మనిషి అయింది. వస్తువుల విషయంలోనూ ఇదే క్రమం. తొలినాళ్ళలో నిజమైన గ్లాసు లేదా గ్లాసును పోలినదే కావాలి. తరువాత్తరువాత పోలిక సన్నబడిపోతుంది. మూడేళ్ళకు డస్టరు బిడ్డ అవుతుంది.

రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1933లో పిల్లల ఆట మీద ఇచ్చిన ఒక ఉపన్యాసంలో కర్రను గుర్రం చేసుకునే పిల్లవాడిని గురించి మాట్లాడాడు. గుర్రం అనే అర్థాన్ని నిజం గుర్రం నుంచి విడదీయడం చిన్నపిల్లలకు మనసులో సాధ్యం కాదని, ఆ అర్థం వచ్చి నిలబడడానికి చేతిలో ఏదో ఒక ఆనుడు కావాలని, కర్ర ఆ పని చేస్తుందని ఆయన వివరణ. మా సీమ పల్లెల్లో గుర్రం స్థానంలో ఎద్దు ఉంటుంది. జొన్నదంటు పైపొర చీల్చి, లోపలి బెండు ముక్కలకు గుచ్చి, ఎద్దులనూ కాడినీ బండినీ చేసివ్వడం మా తాతల తరానికి వెన్నతో పెట్టిన విద్య. కర్ణాటక సరిహద్దు ఊళ్ళలో ఏరువాక పున్నమి తరువాత వచ్చే అమావాస్యకు మట్టితో ఎద్దుల జతను చేసి పూజించే ఆచారం ఉంది, ఆ మట్టి మిగిలితే పిల్లలది. అదీ దొరకనప్పుడు రెండు గులకరాళ్ళు చాలు. కొమ్ములు లేవు, తోక లేదు, నాలుగు కాళ్ళు లేవు, అయినా 'ఓహోయ్‌, ఆగు' అంటే ఆగుతాయి, అనకపోతే నడుస్తాయి.

ఇప్పుడు అక్షరాల దగ్గరికి వస్తాను. పలక మీద గీసిన 'అ' అనే వంకర గీతకూ, గొంతులోంచి వచ్చే 'అ' అనే శబ్దానికీ పోలిక ఏమాత్రమూ లేదు. ఒకటి మరొకదానికి బదులుగా నిలబడుతుందని అందరం ఒప్పుకున్నాం కాబట్టి నిలబడుతోంది. గులకరాయి ఎద్దుకు బదులుగా నిలబడడమూ సరిగ్గా ఇటువంటి ఒప్పందమే. తేడా ఏమిటంటే రాయి విషయంలో ఒప్పందం చేసుకున్నది పిల్లవాడు, అక్షరం విషయంలో ఒప్పందం వాడు పుట్టకముందే అయిపోయింది. తానే కొన్ని వందల ఒప్పందాలు చేసి, మార్చి, రద్దుచేసి చూసినవాడికి, ఇతరులు చేసిన ఒప్పందం ఒకటి చూపించినప్పుడు అందులో కిటుకు ఏమిటో అర్థమవుతుంది. అలా చూడనివాడు గీతను గీతగానే నేర్చుకుంటాడు, వేలు నొప్పి పుట్టేదాకా దిద్దుతాడు, పుస్తకంలో చోటు మారితే గుర్తుపట్టలేడు. రాతకు మూలాలు పిల్లల ఆటలోనూ బొమ్మలు గీయడంలోనూ ఉన్నాయని వైగాట్‌స్కీ కూడా వాదించాడు. అందువల్ల మూడేళ్ళ పిల్లను ఆట మాన్పించి అక్షరాలు దిద్దించడం త్వరగా చదువు నేర్పడమని నేను అనుకోలేకపోతున్నాను. బావి తవ్వకుండా మోటారు బిగించడం లాంటిదది.

ఈ సందర్భంలో ఒక చిన్న విచిత్రం చెప్పాలి. ఎల్‌.కె.జి. అనే మాటలో 'కె.జి.' అంటే కిండర్‌గార్టెన్‌, జర్మన్‌ భాషలో పిల్లల తోట అని అర్థం. 1837లో జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో చిన్నపిల్లల బడి తెరిచిన ఫ్రోబెల్‌, 1840లో దానికి ఆ పేరు పెట్టాడు. ఆయన పిల్లల చేతికి ముందుగా ఇచ్చినవి ఉన్ని బంతులు, ఆ తరువాత కొయ్యతో చేసిన గోళం, ఘనం, స్తూపం. ఆట కోసం పుట్టిన ఆ పేరులో మన చేతిలో మిగిలింది రెండు పొడి అక్షరాలు, వాటి కింద నాలుగు గీతల కాపీ పుస్తకం.

అక్షరాల కంటే కూడా నన్ను బాధిస్తున్నది పిల్లలను వయసు ప్రకారం వేరుచేసి కూర్చోబెట్టే పద్ధతి. 1932లో అచ్చయిన పరిశోధనలో అమెరికాలోని మిన్నెసోటాలో మిల్డ్రెడ్‌ పార్టెన్‌ అనే పరిశోధకురాలు శిశుబడి పిల్లల ఆటలను గమనించి, వాళ్ళు ఒకరితో ఒకరు ఎంతవరకు కలుస్తారన్నదాన్ని బట్టి ఆరు రకాలుగా విడదీసింది. ఏ ఆటలోనూ లేకుండా ఉండడం, ఒంటరిగా ఆడుకోవడం, పక్కన నిలబడి చూడడం, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడడం, వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ ఆడడం, చివరికి పని పంచుకుని ఒకే ఆట ఆడడం. మా పిల్లల్లో ఈ ఆరూ చూశాను. రెండున్నరేళ్ళప్పుడు పాపా, పక్కింటి పిల్లా ఇసుకలో ఒకే చోట కూర్చుని, ఒక్క మాటైనా లేకుండా, ఒకరిని చూసి ఒకరు పిచ్చుకగూళ్ళు కట్టుకునేవాళ్ళు. అది వెనకబడిన ఆట కాదని, పెద్దయ్యాక కూడా గుంపులోకి చేరేముందు పిల్లలు అలా పక్కన కూర్చునే దారి చూసుకుంటారని తరువాతి పరిశోధకులు గమనించారు.

కానీ పార్టెన్‌ చూసిన పిల్లలు సుమారు రెండు నుంచి ఐదేళ్ళ లోపువాళ్ళు, అదీ ఒక శిశుబడిలో. మన వీధి ఆటలో మూడేళ్ళ పిల్లా, ఎనిమిదేళ్ళ అక్కా ఒకే చోట ఉంటారు. అక్కడ ఆ ఆరింటిలోనూ ఇమడని మరో స్థానం ఉంది. ఆట తెలియని చిన్నవాళ్ళను వెళ్ళగొట్టకుండా, అలాగని లెక్కలోకీ తీసుకోకుండా, 'అది ఆటలో అరటిపండు' అని చేర్చుకుంటారు. అరటిపండు దొరికిపోయినా దొంగ కాదు, పడిపోయినా అవుట్‌ కాదు, తప్పు చేస్తే ఎవరూ తిట్టరు, కానీ ఆట మధ్యలో ఉంటుంది.

2026 సంక్రాంతికి మా ఊళ్ళో నాపబండ అరుగు మీద జరిగిన బస్సు ఆటలో పాప అరటిపండు. అప్పటికి దానికి నాలుగేళ్ళు నిండలేదు. మా పెద్దవాడికి ఐదున్నర, కండక్టరు కావాలని పట్టుబట్టాడు. ఎనిమిదేళ్ళ మా అన్న కూతురు తానే కావాలంది. ఎవరు కండక్టరు, ఎవరు డ్రైవరు, బస్సు ఏ ఊరికి పోవాలి, బుక్కరాయసముద్రంలో ఆపాలా వద్దా అనే తగువు అరగంట సాగింది, ఆట అంతకంటే తక్కువసేపు నడిచింది. పెద్దవాళ్ళకు అది గొడవలా వినిపిస్తుంది. నాకైతే పంచాయతీ సమావేశం కంటే పద్ధతిగా జరిగినట్టు తోచింది, ఒకరు అలిగి లేచిపోతే ఆటే ఆగిపోతుందని అందరికీ తెలుసు కాబట్టి చివరికి ఎవరో ఒకరు తగ్గారు. వేపాకులు టికెట్లు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కదా, మావాడు ఆడపిల్లలందరినీ ఆధార్‌ కార్డు చూపించమన్నాడు. తలా ఒక బండముక్క చూపించారు. మగపిల్లల దగ్గర మాత్రం పది రూపాయల లెక్కన గులకరాళ్ళు వసూలు చేశాడు. పాప దగ్గర బండముక్క లేదు. "అరటిపండుకు వద్దులే" అని ఒక ఆకు చేతిలో పెట్టి, "లేస్తే బస్సు ఆగిపోతాది, కూచో" అన్నాడు.

పాప కూర్చుంది. ఒళ్ళో ఆకు పట్టుకుని, రెండు కాళ్ళూ దగ్గరికి పెట్టుకుని, కల్యాణదుర్గం వచ్చేదాకా ఇరవై నిమిషాలు కదలలేదు. బడి ఆఫీసులో 'ఏకాగ్రత తక్కువ' అని రాయించుకున్న పిల్ల ఇదే. ఆటలో పిల్లలు నియమానికి లోబడేది ఎవరో కట్టడి చేసినందువల్ల కాదు, లోబడితేనే ఆట సాగుతుంది కాబట్టి. ప్రయాణికురాలు లేచి తిరగదు, తాను ప్రయాణికురాలు, కాబట్టి తానూ తిరగదు. ఆటలో పిల్లవాడు తన మామూలు ఎత్తు కంటే ఒక తల ఎత్తు పెరిగి ఉంటాడని వైగాట్‌స్కీ అన్నది దీన్నే. పాపను అంత ఎత్తుకు లేపింది నేను కాదు, ఐదున్నరేళ్ళ కండక్టరు. అదే పాపను అదే వయసున్న ముప్పైమందితో ఒక గదిలో కూర్చోబెడితే వాళ్ళలో కండక్టరు కాగలిగినవాళ్ళు ఎవరుంటారు?

వీధి ఆటను నేను బంగారంగా చూపించబోవడం లేదు. మా అమ్మకు ఏడేళ్ళకే చంకలో తమ్ముడిని పెట్టారు. బిడ్డను చంకనేసుకునే తొక్కుడుబిళ్ళ ఆడేదాన్నని నవ్వుతూ చెబుతుంది కానీ, పక్కింట్లో ఆ వయసు మగపిల్లల చంకలో ఎవరూ లేరు. కొన్ని అరుగుల మీదికి కొందరు పిల్లలు ఎక్కే వీలు లేని రోజులూ ఆమెకు తెలుసు. ఇప్పుడు వీధిలో వాహనాలున్నాయి, మూడో అంతస్తు ఇంటి నుంచి పిల్లను ఒంటరిగా కిందికి పంపడానికి నాకే ధైర్యం చాలదు. ఇంట్లో కూర్చుంటే ఫోను ఉంది. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా ఇంట్లో అది పాటించగలిగిన వారాలూ ఉన్నాయి, పాటించలేనివీ ఉన్నాయి.

మా ఆయన వాదన వేరు, అందులోనూ న్యాయం ఉంది. పల్లెలో తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగుకు వచ్చాక పాఠం అర్థంకాక మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు తప్పిన మనిషి. "నువ్వు చెప్పేదంతా బాగానే ఉంది, రేపు వెనకబడితే ఆ ఆటలు వచ్చి కాపాడతాయా?" అంటాడు. ఆ భయం ఆయన అనుభవంలోంచి వచ్చింది, పుస్తకం చూపించి కొట్టిపారేసేది కాదు. నేను చెప్పగలిగిందల్లా, ఆయన తప్పింది మూడేళ్ళప్పుడు ఏబీసీడీలు దిద్దనందువల్ల కాదని. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు పునాది దశ అని, అందులో ఆట ద్వారానే నేర్పాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. ఆ దశ కోసం 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రంలోనూ ఇదే ఉంది. ప్రవేశ పరీక్ష పెట్టే ఆఫీసు గదుల్లోకి మాత్రం ఆ కాగితాలు వచ్చినట్టు లేదు.

ఎల్‌.కె.జి.లో చేర్చుకోని ఆ ఏడాది పాపను మా వీధి చివర అంగన్‌వాడీకి పంపాను. చుట్టాలు కొందరు ముక్కు విరిచారు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కింద నడిచే ఆ కేంద్రంలో ఉన్నది ఒకటే గది. మూడేళ్ళ పిల్లల నుంచి ఆరేళ్ళు నిండబోయే పిల్లల దాకా అందులోనే ఉంటారు. దాన్ని మనం లోపంగా చూస్తాం. విచిత్రం ఏమిటంటే, 1939లో మద్రాసుకు వచ్చి చాలా ఏళ్ళు మన దేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలను కావాలనే ఒకే గదిలో ఉంచమంది. ఆమె పేరు బోర్డు మీద పెట్టుకుని వేలకు వేలు తీసుకునే చోట అది పద్ధతి, అంగన్‌వాడీలో గదుల కొరత. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. ఆ కార్యకర్తకు బరువులు తూచడం, గుడ్ల లెక్క, రిజిస్టర్లు, పోషణ్‌ ట్రాకర్‌ యాప్‌లో నమోదు అయ్యేసరికి సగం పొద్దు గడిచిపోతుంది. ఆమె ఫోను చూసుకునే ఆ సమయంలోనే పిల్లలు ఎక్కువగా ఆడుకుంటారు, ఇది ఆమెకు చెప్పలేదు.

వచ్చే జూన్‌ కోసం మా ఆయన మరో బడి నుంచి దరఖాస్తు తెచ్చాడు. ఈసారి పాప రంగుల పేర్లు చెబుతుంది, కావలసివస్తే ఏబీసీడీలు కూడా. నేను ఆ బడికి పోయి ఒకటే అడిగాను, ఎల్‌.కె.జి. పిల్లలూ యు.కె.జి. పిల్లలూ ఒకటో తరగతివాళ్ళూ ఒకే సమయానికి మైదానంలోకి వస్తారా అని. గుమాస్తా నా వైపు వింతగా చూసి, గొడవలు కాకుండా ఎవరి టైము వాళ్ళకు వేరుగా పెట్టామని, ఆ విషయంలో నేనేమీ దిగులు పడనక్కర్లేదని చెప్పాడు. దరఖాస్తు ఇంకా నింపలేదు. సొరుగులో టీకాల కార్డుల కింద ఉంది.